మన్యం కాలు, ఎమ్మారై కన్ను

కొండ మీద ఎవరి కాలు నొప్పెట్టినా ముందు వినిపించే మాట ‘నరం’. నరం పట్టేసింది, నరం లాగుతోంది, నరం తెగింది. అరకు సంతలో బుట్ట దించుకుని మడమ నొక్కుకునే ఆడమనిషీ ఆ మాటే అంటుంది, విశాఖలో షటిల్ ఆడి కుంటుతూ వచ్చిన ఉద్యోగీ ఆ మాటే అంటాడు. తెలుగులో ఈ ఒక్క మాట మూడు వేర్వేరు వాటికి చెల్లుతోంది. మెదడుకు కబుర్లు మోసే నాడి ఒకటి, రక్తం మోసే సిర ఇంకొకటి, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పీచుకట్ట మూడోది. ఈ మూడోదాన్ని పాఠ్యపుస్తకం స్నాయుబంధనం అంటుంది, ఆసుపత్రిలో టెండాన్ అంటారు. నాడికీ సిరకూ పరీక్షలు ఎప్పుడో కుదురుకున్నాయి. టెండాన్ మాత్రం చాలాకాలం ఎమ్మారై యంత్రానికి కూడా దొరకలేదు. తెర మీద నల్లటి గీతలా కనిపించేదే తప్ప లోపల ఏముందో చెప్పేది కాదు. గత రెండు మూడు దశాబ్దాలుగా ఆ నలుపును విప్పే పద్ధతులు వచ్చాయి. అవి ఏం చెప్పగలవు, ఎక్కడ తడబడతాయి, తూర్పు కనుమల్లో నడిచే కాలికి వాటివల్ల ఒరిగేదేమిటి అన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నను అరకు నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నడక వ్యాయామం కాదు, బతుకు. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. దాని చుట్టూ ఉన్న గూడేలు ఇంకా పైన, వాలుల మీద ఉన్నాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ పండు కోసే మనిషి చలికాలమంతా ఏటవాలు నేల మీదే నిలబడుతుంది, మూట ఎత్తుకుని అదే వాలు దిగుతుంది. ఎక్కేటప్పుడు వేళ్లు పైకి, మడమ కిందికి పోయి పిక్క వెనుక టెండాన్ సాగుతుంది. దిగేటప్పుడు ఒళ్లు ముందుకు తూలకుండా మోకాలి చిప్ప కింది టెండాన్ బ్రేకులా పట్టి ఉంచాలి. పరుగులో మడమ టెండాన్ మీద పడే బలం శరీర బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటుందని లెక్కలు చెబుతున్నాయి. కొండదారిలో నెత్తిన మూట కూడా ఉంటే ఆ భారం ఎవరి కాలు మీద పడుతుందో చెప్పనక్కర్లేదు.

టెండాన్ కట్టుబడి చూస్తే మన్యంలో అడ్డతీగ నారతో పేనే తాడు గుర్తుకొస్తుంది. కొలాజెన్ అనే ప్రోటీన్ అణువులు కలిసి సన్నటి పోగవుతాయి. పోగులు కలిసి పీచు, పీచులు కలిసి కట్ట, కట్టలు కలిసి టెండాన్. తేమ తీసేస్తే మిగిలే బరువులో మూడింట రెండు వంతులకు పైగా కొలాజెనే. ఈ పోగులు పూర్తి తిన్నగా ఉండవు. వదులుగా ఉన్నప్పుడు చిన్న చిన్న అలల్లా ముడుచుకుని ఉంటాయి, లాగగానే ముందు ఆ ముడతలు విప్పుకుంటాయి, ఆ తరవాతే అసలు బిగువు మొదలవుతుంది. మడమ టెండాన్‌లో ఇంకో చిత్రం ఉంది. రెండు పిక్క కండరాల నుంచి వచ్చే కట్టలు కిందికి దిగుతూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరుగుతాయి, అచ్చం తాడు పేనినట్టే. కట్టల మధ్య మెత్తని పొర ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఒక కట్ట పక్కదాని మీద జారడానికి దారి ఇచ్చేది ఆ పొరే.

ఈ తాడును శరీరం ఎప్పుడు పేనుతుంది? దీనికి 2013లో డెన్మార్క్ పరిశోధకులు ఇచ్చిన జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. 1950ల చివర, 60ల మొదట్లో జరిగిన అణుబాంబు పరీక్షలవల్ల గాలిలో రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరిగి తరవాత ఏటేటా తగ్గింది. ఏ ఏడు తయారైన కణజాలంలో ఆ ఏటి కార్బన్ జాడ నిలిచిపోతుంది. పెద్దవాళ్ల మడమ టెండాన్ నడిబొడ్డులో ఆ జాడ వెతికితే, అది దాదాపు పదిహేడేళ్ల వయసు వరకే కట్టుబడి, ఆ తరవాత దాదాపుగా మారలేదని తేలింది. కండరం, ఎముక జీవితాంతం తమను తాము తిరగరాసుకుంటాయి. టెండాన్ నడిభాగానికి ఆ అవకాశం చాలా తక్కువ. బడి వయసులో నీళ్ల బిందె, కట్టెల మోపు మోస్తూ గట్టెక్కి దిగే పిల్ల కాలిలో తయారయ్యేది యాభయ్యేళ్లదాకా మోయాల్సిన తాడే. గిరిజన పిల్లల ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు బరువూ ఎత్తూ రక్తహీనతా లెక్కలోకి వస్తాయి. ఈ సంగతి కూడా రావాలి.

ఇక యంత్రం సంగతి. ఎమ్మారై చూసేది శరీరంలోని నీటిని, ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను. ఆసుపత్రుల్లో మామూలుగా వాడే 1.5 టెస్లా అయస్కాంతం భూమి అయస్కాంత క్షేత్రానికి ముప్పై వేల రెట్లకు పైగా బలమైనది. దానిలో కేంద్రకాలు వరసకు వస్తాయి, ఒక రేడియో తరంగం తగలగానే అన్నీ ఒకే లయలో తిరుగుతాయి, ఆ తిరుగుడే యంత్రానికి వినిపించే సంకేతం. అరకులో థింసా నాట్యం చూసినవాళ్లకు దీన్ని చెప్పడం సులువు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు పెనవేసుకుని, తుడుం, కిరిడి, మోరి లయకు ఒకే అడుగు వేస్తారు. అందరి అడుగూ కలిసినంతసేపూ ఆ చప్పుడు దూరానికి వినిపిస్తుంది. ఒక్కొక్కరి అడుగు తప్పుతూ వస్తే చప్పుడు చెదిరిపోతుంది. మనుషులు అక్కడే ఉంటారు, కాళ్లు కదులుతూనే ఉంటాయి, కానీ వినిపించడానికి ఏమీ ఉండదు. ఈ అడుగు తప్పడానికి పట్టే సమయానికే శాస్త్రంలో టీ2 అని పేరు.

కండరంలో ఆ లయ ముప్పై నలభై మిల్లీసెకన్లు నిలుస్తుంది. టెండాన్‌లో ఒకటి రెండు మిల్లీసెకన్లు, అందులో అధిక భాగానికి ఇంకా తక్కువ. కారణం నీటి ఇబ్బందే. మామూలు చోట నీటి అణువు గిరగిరా తిరుగుతూ ఉంటుంది కాబట్టి పొరుగు కేంద్రకాలు పెట్టే లాగుడు అన్ని దిక్కులా సరిపోయి రద్దవుతుంది. టెండాన్‌లో నీరు కొలాజెన్ పోగును అంటిపెట్టుకుని, పోగు ఎటుంటే అటే ఒరిగి ఉంటుంది. లాగుడు రద్దు కాదు, లయ వెంటనే చెదురుతుంది. పాత పద్ధతిలో యంత్రం రేడియో తరంగం పంపాక ఎనిమిది పది మిల్లీసెకన్లు ఆగి గాని వినడం మొదలుపెట్టదు. అప్పటికి థింసా ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. అందుకే టెండాన్ నల్లగా కనిపిస్తుంది. పైగా వైద్యులకు అదే అలవాటైంది: నల్లగా ఉంటే మంచి టెండాన్, మధ్యలో తెల్లటి మచ్చ కనిపిస్తే దెబ్బతిన్న టెండాన్. ఈ కొలత మొరటుదే గాని పనికిరానిది కాదు. పూర్తిగా తెగినదాన్ని, బాగా వాచినదాన్ని అది పట్టుకుంటుంది. తెగకముందు లోపల పీచులు ఎలా సడలుతున్నాయో మాత్రం చెప్పలేదు.

దీనికి విరుగుడు త్వరగా వినడం. లండన్‌లోనూ, తరవాత అమెరికాలోని శాన్ డియాగోలోనూ గ్రేమ్ బైడర్, ఆయన సహచరులు ముందుకు తెచ్చిన పద్ధతి పేరు అల్ట్రాషార్ట్ ఎకో టైమ్, పొట్టిగా యూటీఈ. రేడియో తరంగం ఆగీ ఆగగానే, మిల్లీసెకనులో పదో వంతుకన్నా ముందే, యంత్రం వినడం మొదలుపెడుతుంది. మామూలు పద్ధతి సమాచారాన్ని వరసలు వరసలుగా, సాలు దున్నినట్టు సేకరిస్తే, ఇది మధ్యలో నిలబడి అన్ని దిక్కులకూ చువ్వల్లా బయటికి సాగుతూ సేకరిస్తుంది. మొదటి క్షణం వృథా కాదు. నల్లగా ఉన్న మడమ టెండాన్ ఈ చిత్రంలో వెలుగుతో కనిపిస్తుంది, లోపలి కట్టల గీతలు కూడా తేలతాయి.

బొమ్మ కనిపించడం సగం పనే. అసలు లాభం అంకెలో ఉంది. వేర్వేరు క్షణాల్లో వరసగా విని, సంకేతం ఎంత వేగంగా తరుగుతోందో గీస్తే ఆ తరుగుదల ఒకే గీత మీద నడవదని తెలుస్తుంది. రెండు భాగాలుగా విడిపోతుంది. వెంటనే మాయమయ్యేది కొలాజెన్‌కు అతుక్కున్న నీరు, కాస్త నిలిచేది పోగుల మధ్య స్వేచ్ఛగా తిరిగే నీరు. వియన్నాలో యురాస్ బృందం 2013లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనంలో మడమ టెండాన్ జబ్బు ఉన్నవాళ్లలో ఆ మొదటి భాగం ఆయుష్షు ఆరోగ్యవంతులకన్నా పెరిగింది, రోగి కాలు ఎంత పనిచేస్తోందని చెప్పే స్కోరుతో కూడా అది కలిసి నడిచింది. తాడు పోగులు వదులైతే వాటిని పట్టుకున్న నీరు కూడా వదులవుతుంది. తెగడానికి చాలా ముందు జరిగే మార్పు ఇది.

ఇక్కడో చిక్కు ఉంది. ఎమ్మారై చదివేవాళ్లకు దాన్ని ఎన్నిసార్లు గుర్తుచేసినా ఎక్కువ కాదు. పొరుగు కేంద్రకాల లాగుడు కొలాజెన్ పోగు అయస్కాంతానికి ఏ కోణంలో ఉందన్న దానిమీద ఆధారపడుతుంది. సరిగ్గా 54.7 డిగ్రీల దగ్గర ఆ లాగుడు సున్నా అవుతుంది. బెరెండ్సన్ 1962లో పశువు మడమ టెండాన్ మీద చేసిన ప్రయోగాల్లో నీరు పోగు వెంట దిక్కు పట్టి ఉంటుందని చూపాడు. 1985లో ఫుల్లర్టన్ బృందం టెండాన్‌ను అయస్కాంతంలో తిప్పుతూ కొలిస్తే టీ2 ఒక మిల్లీసెకను లోపు నుంచి సుమారు ఇరవై మిల్లీసెకన్ల దాకా ఎగబాకింది. టెండాన్ అదే, జబ్బేమీ లేదు, కోణం మారిందంతే. దీనికి మ్యాజిక్ యాంగిల్ అని పేరు స్థిరపడింది. చీలమండ చుట్టూ తిరిగే టెండాన్లు అనంతగిరి ఘాట్ రోడ్డులా మలుపు తిరుగుతాయి. ఆ మలుపులో ఎక్కడో ఒకచోట ఈ కోణం తగిలి తీరుతుంది, అక్కడ తెల్లటి మచ్చ పుడుతుంది. దాన్ని చీలిక అని రాస్తే మంచి టెండాన్‌కు జబ్బు అంటగట్టినట్టే. భుజం పైన ఉండే టెండాన్‌లోనూ ఇదే మోసం జరుగుతుంది. పాదాన్ని ఇంకో కోణంలో పెట్టి మళ్లీ తీయడం, పొడవైన ఎకో సమయంతో సరిచూడడం వంటి జాగ్రత్తలు తెలిసిన టెక్నీషియన్ దగ్గర తీయించుకున్న స్కాన్‌కూ, తెలియని చోట తీయించుకున్నదానికీ తేడా యంత్రం ఖరీదులో కనిపించదు, రిపోర్టులో కనిపిస్తుంది.

కోణానికి అంతగా లొంగని కొలత కావాలని వెతికితే దొరికినది మాగ్నెటైజేషన్ ట్రాన్స్‌ఫర్. వుల్ఫ్, బలబన్ 1989లో వివరించిన ఉపాయం ఇది. కొలాజెన్ సంకేతం యంత్రానికి నేరుగా వినిపించేంత సేపు నిలవదు. అందుకని కొలాజెన్‌కు మాత్రమే తగిలే రేడియో తరంగం పంపి దాన్ని అలసిపోయేట్టు చేస్తారు. ఆ అలసట పక్కనున్న నీటికి అంటుతుంది, నీటి సంకేతం తగ్గుతుంది. ఎంత తగ్గిందో చూసి కొలాజెన్ ఎంత ఉందో అంచనా కడతారు. యూటీఈతో కలిపినప్పుడు ఈ కొలత కోణానికి తక్కువగా చలిస్తుందని శాన్ డియాగో బృందం చూపింది. ప్రస్తుతం ఉన్న పద్ధతుల్లో ఆసుపత్రి వాడకానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఇదేనని ఈ వ్యాసం అభిప్రాయం.

డిఫ్యూజన్ టెన్సర్ పద్ధతి పేరు పెద్దది, టెండాన్‌లో ఫలం ఇంకా చిన్నది. నీరు పోగు వెంట సులువుగా, అడ్డంగా కష్టంగా కదులుతుంది కాబట్టి ఆ కదలికను కొలిస్తే పోగుల దిక్కు తెలుస్తుంది. మెదడులో ఇది అద్భుతంగా పనిచేసింది. టెండాన్‌లో ఆ కదలికను కొలిచేలోగా సంకేతమే చచ్చిపోతుంది. సంకేతాన్ని కాసేపు దాచి మళ్లీ లేపే ఉపాయాలు ఉన్నా సమయం, ఓపిక ఎక్కువ పడతాయి.

సోడియం కథలో తెలుగువాళ్లకు తెలిసిన ఇంటిపేర్లు వినిపిస్తాయి. మృదులాస్థిలో, టెండాన్‌లో చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రోటీన్లు ఉంటాయి. వాటి రుణావేశం సోడియం అయాన్లను పట్టి ఉంచుతుంది. నీటిని కాకుండా సోడియాన్నే ఎమ్మారైతో చూస్తే ఆ ప్రోటీన్లు ఎంత ఉన్నాయో తెలుస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రవీందర్ రెడ్డి బృందం 1998లో మనిషి మోకాలి మృదులాస్థిని బతికున్న మనిషిలోనే సోడియంతో చిత్రించింది. అంతకు ఏడాది ముందు అదే చోట దువ్వూరి, రెడ్డి, ఇతరులు టీ1 రో అనే మరో కొలత ఆ ప్రోటీన్ల తరుగును పట్టుకుంటుందని చూపారు. ఆ పని ఆకెళ్ల, రేగట్టె వంటి సహచరులతో సాగింది. న్యూయార్క్‌కు చేరిన రవీందర్ రేగట్టె 2008లో లింగ్, నావోన్, యెర్షోలతో కలిసి సోడియం పరికరం అక్కర్లేకుండా మామూలు నీటి సంకేతం ద్వారానే ఆ చక్కెర గొలుసులను కొలిచే గాగ్‌సెస్ట్ పద్ధతిని వెలువరించాడు. ఇవన్నీ మృదులాస్థి కోసం పుట్టినవే. తరవాత టెండాన్ వైపు నడిచాయి. వియన్నా బృందం 2012లో 7 టెస్లా యంత్రంతో మడమ టెండాన్లను చూసినప్పుడు కథ తిరగబడింది. కీళ్ల అరుగుదలలో సోడియం తగ్గుతుంది, జబ్బుపడిన టెండాన్‌లో పెరిగింది. కారణం తర్కానికి అందేదే. దెబ్బతిన్న టెండాన్ కొలాజెన్ సరిగ్గా పేనుకోలేక ఆ ప్రోటీన్లను పోగేసి, నీరు పట్టి ఉబ్బుతుంది. నయమవడానికి చేసే ఆ ప్రయత్నమే దాని లావుకు కారణం.

ఇన్ని కొలతలు వచ్చాక రోగికి ఏం మారింది? ఇక్కడ ఉత్సాహం కాస్త అదుపులో పెట్టుకోవాలి. 1995లో షేర్ బృందం భుజం నొప్పే లేని 96 మందికి ఎమ్మారై తీస్తే 34 శాతం మందిలో టెండాన్ చీలికలు కనిపించాయి. అరవై దాటినవాళ్లలో అది 54 శాతం. వాళ్లలో ఎవరికీ ఏ బాధా లేదు. చిత్రంలో చీలిక ఉంటే నొప్పి అక్కడిదేనని, నొప్పి ఉంటే చీలిక ఉండి తీరాలని అనుకోవడం రెండూ పొరపాట్లే. కొత్త పద్ధతులు ఇంకా సూక్ష్మంగా చూస్తాయి కాబట్టి ఈ పొరపాటుకు అవకాశం ఇంకా పెరుగుతుంది. ఒక యంత్రం మీద వచ్చిన అంకె ఇంకో కంపెనీ యంత్రం మీద అలాగే రాదు, ఈ అంకె దాటితే జబ్బు అని అందరూ ఒప్పుకున్న గీత కూడా లేదు. చాలా అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లు పదుల్లోనే ఉన్నారు.

అలాగని చేతులు ముడుచుకోవాల్సిన పనీ లేదు. ఎమ్మారై కొలత చికిత్సను కాపు కాయగలదని చూపిన మంచి ఉదాహరణ స్వీడన్‌లో ఉంది. 1998లో ఆల్‌ఫ్రెడ్‌సన్ ఒక వ్యాయామం ప్రచురించాడు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించడం, మోకాలు చాచి, వంచి, రెండు తీర్లలో పదిహేనేసి సార్లు మూడు విడతలు, రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలు. 2004లో షలాబీ బృందం అలా చేసిన రోగుల మడమ టెండాన్లను ముందూ తరవాతా ఎమ్మారైతో కొలిచింది. టెండాన్ పరిమాణం 14 శాతం, లోపలి అసాధారణ సంకేతం 23 శాతం తగ్గాయి, నొప్పీ తగ్గింది. మందు లేదు, కత్తి లేదు. కొండవాలు ఎక్కి దిగే అరకు మనిషి ఈ కదలికలాంటిదే రోజంతా చేస్తుంది, కానీ లెక్క లేకుండా, బరువుతో, విశ్రాంతి లేకుండా. ఒకే కదలిక కొలత ప్రకారం చేస్తే మందు, మితి దాటితే దెబ్బ. ఆ మితి ఎక్కడుందో తేల్చడమే కొత్త ఎమ్మారై చేయగల అసలైన పని.

అలాంటి పని ఒకసారి జరిగింది కూడా. 2009లో ఇటలీలోని బారి నుంచి నార్వే ఉత్తర అంచున ఉన్న నార్త్ కేప్ దాకా 64 రోజుల్లో 4,487 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయం నుంచి షుట్జ్ బృందం 1.5 టెస్లా ఎమ్మారై యంత్రాన్ని లారీ ట్రెయిలర్ మీద ఎక్కించుకుని ఆ పరుగువెంటే దేశాలు దాటింది. ఎంచుకున్న 44 మంది కాళ్లను మూడు నాలుగు రోజులకోసారి స్కాన్ చేస్తూ పోయింది. చీలమండ, పాదం కీళ్ల మృదులాస్థి మొదటి 1,500 నుంచి 2,500 కిలోమీటర్లలో క్షీణించి, పరుగు ఆగకుండానే మళ్లీ కోలుకుంటున్నట్టు కనిపించింది. విశ్రాంతిలోనే బాగుపడుతుందన్న నమ్మకాన్ని అది కదిలించింది. బారి నుంచి నార్త్ కేప్‌కు వెళ్లగలిగిన యంత్రానికి విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల దారి కష్టమేమీ కాదు. ఏటవాలు మీద పుట్టి పెరిగి బరువు మోసే కొండదొరల, బగతల, పోర్జాల, గదబల కాళ్లు ఐరోపా మారథాన్ పరుగువాళ్ల కాళ్లకన్నా టెండాన్ గురించి తక్కువ చెప్పవు. ఒక కాఫీ కోత కాలానికి ముందూ తరవాతా పిక్క టెండాన్లను యూటీఈతో కొలిచే అధ్యయనం, వాళ్ల సమ్మతితో, వాళ్ల భాషలో వివరించి చేస్తే, అది ఈ కొండలకే కాదు ప్రపంచానికీ కొత్త సమాచారమవుతుంది. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల విశాఖలో ఉంది, పాడేరుకూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఈ పని ఆ కళాశాలలదే.

అలాంటి అధ్యయనానికి దిగేవాళ్లు నగలను కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఈ ప్రాంతపు ఆడవాళ్లలో చాలామందికి ముక్కుకు రెండు పక్కలా, మధ్యలోనూ ముక్కెరలు ఉంటాయి. పెద్దవయసు వాళ్లకు కాలి కడియాలు, మెడకు లోహపు కంటెలు ఉంటాయి, కొన్ని పెట్టినప్పటి నుంచీ తీయనివి. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోకపోయినా దగ్గర్లో ఉంటే బొమ్మను వంకర తిప్పుతుంది. చీలమండ దగ్గర కడియం ఉంటే మడమ టెండాన్ కొలత పనికిరాదు. తీయమని చెప్పే ముందు ఆ నగ ఎందుకు తీయరో అడగాలి. ఒప్పుకోకపోతే అల్ట్రాసౌండ్‌తో సరిపెట్టాలి.

అల్ట్రాసౌండ్‌ను తక్కువగా చూడనక్కర్లేదు. మంచి చేతిలో ఉంటే అది టెండాన్ మందం, చీలిక, కొత్తగా పుట్టిన రక్తనాళాలు అన్నీ చూపుతుంది, టెండాన్ కదులుతుండగా చూపుతుంది. మామూలు ఎమ్మారైకి ఇది చేతకాదు. ఖర్చులో పోలికే లేదు. కానీ సంచిలో పెట్టుకుని గూడేనికి తీసుకెళ్లడం అంత సులువు కాదు. ఆడపిండాల హత్యను ఆపడానికి 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిరోధక చట్టం కింద ప్రతి యంత్రమూ, అది ఉండే చోటూ నమోదు కావాలి. పోర్టబుల్ యంత్రాల మీద నిబంధనలు ఇంకా గట్టివి. ఆ చట్టం అవసరం, దాన్ని సడలించమని ఎవరూ అడగకూడదు. సంచార వైద్య వాహనాలకు నిబంధనల్లో ఉన్న వీలును టెండాన్లు, కీళ్ల కోసం కూడా వాడుకోవచ్చు.

ఎమ్మారై కూడా కొండకు దగ్గరవుతోంది. పాత యంత్రాల అయస్కాంతానికి మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండే ద్రవ హీలియం వెయ్యి లీటర్లకు పైగా కావాల్సి వచ్చేది. ఇటీవలి 0.55 టెస్లా యంత్రం ఒకటి లీటరులోపు హీలియంతో నడుస్తోంది. క్షేత్రం తగ్గితే సంకేతం తగ్గుతుంది నిజమే, కానీ లోహం పెట్టే వంకర కూడా తగ్గుతుంది. జిల్లా ఆసుపత్రికి ఇలాంటిది తగుతుంది.

అయితే పాడేరుకో అరకుకో రేపే ఎమ్మారై వచ్చినా, అక్కడ ఎక్కువగా కనిపించే టెండాన్ గాయాలకు దానితో పని తక్కువ. కత్తి, గొడ్డలి జారి చేతి వేళ్ల టెండాన్లు తెగుతాయి. ఒక్కో వేలునూ విడిగా వంచమంటే ఏది తెగిందో తెలిసిపోతుంది, కావాల్సింది త్వరగా కుట్టే సర్జన్. మడమ టెండాన్ తెగడం కూడా చేత్తోనే తేలుతుంది. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా చేసి, పిక్క నొక్కాలి. టెండాన్ బాగుంటే పాదం కిందికి కదులుతుంది, తెగితే కదలదు. సిమండ్స్ 1957లో, థాంప్సన్ 1962లో విడివిడిగా రాసిన ఈ పరీక్షకు కరెంటు కూడా అక్కర్లేదు. అయినా మడమ టెండాన్ తెగిన కేసుల్లో దాదాపు ఐదింట ఒకటి మొదటిసారి డాక్టరు కళ్లు గప్పుతుందని వైద్యగ్రంథాలు ఒప్పుకుంటాయి. మిగతా కండరాలు పాదాన్ని కాస్త కదిలించగలవు కాబట్టి ఇది బెణుకేనని అందరూ అనుకుంటారు. వెంటనే పట్టుకుంటే ఆపరేషన్ లేకుండానే చాలామందికి నయమవుతుంది. నార్వేలో 526 మంది మీద జరిగి 2022లో వెలువడిన అధ్యయనంలో, ఏడాది తరవాత కాలి పనితీరులో ఆపరేషన్ చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ తేడా లేదు. మళ్లీ తెగడం మాత్రం ఆపరేషన్ లేనివాళ్లలో 6.2 శాతం, చేసినవాళ్లలో 0.6 శాతం.

మందుల సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు టెండాన్‌ను బలహీనపరచవచ్చని, దానివల్ల అది తెగిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో పెట్టె గీసి మరీ హెచ్చరిక వేయించింది. లీవోఫ్లాక్సాసిన్ మొండి క్షయ చికిత్సలో నెలల తరబడి వాడే మందు. క్షయకు మందు మానకూడదు. ఆ మందు వాడుతున్న మనిషి మడమ వెనుక నొప్పి అంటే మాత్రం ఆరోగ్య కార్యకర్త దాన్ని నడక నొప్పిగా కొట్టిపారేయకుండా డాక్టరుకు చెప్పాలి.

దారిలేక రోగిని డోలీ కట్టి మోసుకొచ్చే గూడేల్లో తెగిన మడమ టెండాన్ ప్రాణం తీయదు, అందుకే అది వెనక్కి పడుతుంది. పసరు కట్టు కట్టి పడుకోబెడతారు. నాలుగు వారాలు దాటితే తెగిన కొసలు రెండూ పైకీ కిందికీ ముడుచుకుపోయి, ఇంకో చోటి టెండాన్ తెచ్చి అతికించే పెద్ద ఆపరేషన్ అవసరమవుతుంది. ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, అంబులెన్సు సిబ్బంది ఒక్కటి గుర్తుంచుకోవాలి. మడమ వెనుక ఎవరో కర్రతో కొట్టినట్టయింది, టప్పుమంది, ఆ తరవాత మునివేళ్ల మీద లేవలేకపోతున్నాను అని ఎవరన్నా అంటే, పట్టేసిన నరం అనుకోకండి. అదే రోజు బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కి చూడండి. పాదం కదలకపోతే మునివేళ్లు కిందికి వంచి ఉంచి కట్టు కట్టి, నడవనివ్వకుండా కొండ దించండి.